నా మాటల మధ్య ఖాళీలు

నేను చిన్నప్పట్నుంచీ వాగుడుకాయనే. మా తారానగర్‌లో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. రోడ్డు పక్కన నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఖనిజం లారీలు ఆగితే వైరింగు చూసి పంపడం నా పని. ఆ పనితోపాటు డ్రైవరు కాపురం మీద, వాడి ఓనరు పిసినారితనం మీద, సండూరు రోడ్డు గుంతల మీద నా అభిప్రాయాలన్నీ చెప్పి మరీ పంపేవాణ్ణి. నా నోటికో స్విచ్చి బిగించుకోమని డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్ళు. నేనేమీ పట్టించుకునేవాణ్ణి కాదు. అలాంటి నోరున్నవాణ్ణి పాడ్‌కాస్టులోకి లాగింది నా స్నేహితుడు.

అతను బళ్ళారిలో పాలిటెక్నిక్ లెక్చరరు. నాకంటే చిన్నవాడు. తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించి స్థిరపడిన కుటుంబం. పుట్టింది ఇక్కడే గనక 'యాడ', 'ఏంది' అంటాడు గానీ, కోపమొస్తే మాత్రం వాళ్ళ నాయనమ్మ గోదావరి యాస బయటికొస్తుంది. ఒకరోజు తన చిన్ననాటి టీవీ గేము డబ్బా పట్టుకుని నా షాపుకొచ్చాడు. టీవీ మెకానిక్కులెవరూ ముట్టుకోలేదట. లోపల కరెంటు వచ్చే చోట అతుకు ఊడింది. సోల్డరింగు పెట్టి ఇచ్చాను. ఇద్దరం అక్కడే షాపు టీవీకి తగిలించి, లారీలవాళ్ళని బయట నిలబెట్టి, ఇటుకలు పగలగొట్టే ఆట ఆడాం. ఆ మధ్యాహ్నం నేను వాగిన వాగుడంతా అతను ఫోన్లో రికార్డు చేసుకున్నాడని తర్వాత తెలిసింది. మా పాడ్‌కాస్టు అలా మొదలైంది.

సంగనకల్లు పోయే దారిలో అతని ఇల్లు. మేడమీద గదికి గోడలనిండా బొంతలు కట్టి, దాన్నే స్టూడియో అనేవాడు. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడు రికార్డవుతుంది కాబట్టి ఆపెయ్యాలి. బళ్ళారి ఎండలో, ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరు మొగోళ్ళు బనీన్లు వేసుకుని, చెమటలు కారుస్తూ, ముప్ఫయ్యేళ్ళ కిందటి వీడియో గేము క్యాసెట్ల గురించి గంభీరంగా మాట్లాడుకోవడం చూసి వాళ్ళావిడ నవ్వలేక చచ్చేది. క్యాసెట్టు ఆడకపోతే నోటితో ఊదేవాళ్ళం కదా, ఆ ఊదడం వల్ల నిజంగా లాభముందా? క్యాసెట్టు బొమ్మ మీద వందల ఆటలని రాసి లోపల నాలుగే ఆటలు తిప్పి తిప్పి పెట్టినవాడు ఏ నరకానికి పోతాడు? ఇలాంటి గొప్ప విషయాలు మావి. నేను పాత టూల్ బాక్సులో చిన్న బోర్డు పెట్టి, లారీ హారన్ బటన్లూ ఇండికేటర్ లివరూ బిగించి సొంతంగా ఒక గేము మిషను తయారుచేశాను. దాని మీద వరసగా ఎన్నో ఎపిసోడ్లు చేశాం. వినేవాళ్ళు కొద్దిమందే. అనంతపురం వైపు కొందరు, కర్నూలు వైపు కొందరు, మిగతావాళ్ళు నా లారీ డ్రైవర్లు.

రికార్డింగులో అతను పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు కిక్కురుమనకూడదు. గొంతు మీద గొంతు పడితే తర్వాత విడదీయడం కుదరదు. నవ్వొచ్చినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిందే. రికార్డింగు అయ్యాక అతను కంప్యూటరు ముందు కూర్చుని దగ్గులూ, తడబాట్లూ, ఖాళీలూ తీసేసి అతుకుతాడు. దీన్ని మేం 'కొయ్యడం' అనేవాళ్ళం. నా వాగుడులో కొయ్యడానికి ఖాళీయే దొరకడం లేదని విసుక్కునేవాడు.

తర్వాత నాకు జబ్బు చేసింది. ఒక పొద్దున టిప్పరు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, పైనున్న డ్రైవరుతో తాళం తిప్పమని చెప్పబోయాను. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. తాళం అనే మాట నా తలలో ఉంది, దాని బరువూ మెరుపూ అన్నీ తెలుస్తున్నాయి, కానీ నోటిదాకా రావడం లేదు. కుడిచేతిలోంచి టెస్టు లాంపు జారి ఛాతీ మీద పడింది. ఆ డ్రైవరే నన్ను బళ్ళారి ఆసుపత్రికి చేర్చాడు, వాడి బిడ్డలు చల్లగా ఉండాలి.

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. చెయ్యి నెమ్మదిగా దారికొచ్చింది. మాట రాలేదు. మాటలు పోలేదనీ, వాటి దగ్గరికి పోయే దారి దెబ్బతిన్నదనీ, మాట్లాడుతూ ఉంటే కొంత తిరిగొస్తుందనీ, ఎంత వస్తుందో మాత్రం తానూ చెప్పలేననీ డాక్టరమ్మ చెప్పింది. ఆ 'కొంత' అనే మాట పట్టుకుని ఇంటికొచ్చాను. నాకు డబ్బొద్దు, లారీలొద్దు, నా నోరు నాకు వస్తే చాలనుకున్నాను. మనిషి బతికుండగా మాట పోవడమంత నరకం ఇంకోటి లేదు.

ఇంట్లో అందరిదీ ప్రేమే. ఆ ప్రేమే నా ప్రాణం తీసింది. నేను 'ని...' అని ఆగితే చాలు, మా ఇంటామె నీళ్ళా, నిమ్మకాయా, నిద్రొస్తాందా అని వరస పెట్టేది. నాక్కావలసింది నిచ్చెన. కాదు కాదని తల ఊపేలోపు నీళ్ళచెంబు, నిమ్మకాయ మజ్జిగ, తలగడ మూడూ ముందుకొచ్చేవి. ఒళ్ళు మండి నీళ్ళచెంబు తన్నిన రోజులు కూడా ఉన్నాయి. ఆమె గుడ్డ తెచ్చి తుడిచేది.

నా స్నేహితుడు వారం వారం వచ్చి కూర్చుని పోయేవాడు. ఒకరోజు రికార్డింగుకి రమ్మన్నాడు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను.

"జనం నువ్వు యాడికి పోయావని అడుగుతున్నారన్నా. నేనొక్కణ్ణే మాట్లాడితే పాఠం చెప్పినట్టుందంట" అన్నాడు.

పోయాను. ఫ్యాను ఆపాడు, మైకు పెట్టాడు. క్యాసెట్టు ఊదడం గురించి మాట్లాడమన్నాడు. మాట్లాడాను. ఏం మాట్లాడానో, ఎంతసేపు మాట్లాడానో నాకు తెలియదు. చొక్కా పిండితే నీళ్ళు కారేంత చెమట పట్టింది. మాట వెతుక్కునే మనిషికి లోపల కాలం నడవదు. బయట ఎంత గడిచిందో వాడికి తెలియదు. ఈ సంగతి ఈ జబ్బు చేసినవాళ్ళకే తెలుసు.

ఎపిసోడ్ వచ్చింది. ఫోన్లో పెట్టుకుని విన్నాను. అది నా గొంతే. కాస్త మెత్తబడిందంతే. తారానగర్ పిల్లోడు క్యాసెట్టులో ఊదితే అందులోంచి ఎర్రమట్టి రేగి వాడి ముక్కులోకే పోయిందని, పిల్లోడు తుమ్మినాక ఆట ఆడిందని, గడగడా చెబుతున్నాను. ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ విన్నాను. షాపులో డ్రైవర్లకి వినిపించాను. మా ఇంటామెకి వినిపించి, చూశావా, అక్కడ బాగానే వస్తోంది, నువ్వు అడ్డం వస్తావు కాబట్టే ఇంట్లో రావడం లేదని సైగలతో సగం, మాటలతో సగం దెప్పాను. ఆమె ఆనాటినుంచి నా నోటికి మాట అందించడం మానేసింది.

అతను కోస్తాడని నాకు తెలియదా? తెలుసు. దగ్గులు కోస్తాడని తెలుసు. నన్ను ముక్కలు చేసి అతుకుతాడని మాత్రం తోచలేదు. మనిషికి కావలసింది చెవిలో పడుతుంటే అనుమానం ఎందుకొస్తుంది?

అలా ఇంకొన్ని ఎపిసోడ్లు వచ్చాయి. ప్రతిదానికీ నేను బాగుపడుతున్నాననే అనుకున్నాను. ఇంతలో గనుల దగ్గరి దోణిమలై టౌన్‌షిప్‌లో పిల్లల మేళా పెట్టి, మా గేము మిషను తెచ్చి చూపించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నా స్నేహితుడి మొహం మాడిపోయింది. తను మాట్లాడతాననీ, నేను మిషను నడిపి చూపిస్తే చాలనీ అన్నాడు. నాకు రోషమొచ్చింది. నా మిషను గురించి చెప్పడానికి నాకు నోరు లేదా అన్నట్టు చూశాను. అతనే మిషను తీసుకెళ్ళి కార్లో పెట్టాడు.

షామియానా కింద పిల్లలు, తల్లిదండ్రులు. అందరూ మంచివాళ్ళే. నేను మైకు పట్టుకుని, ఈ బటన్ దేనిదో తెలుసా అని అడిగాను. పిల్లలు తెలీదు తెలీదని అరిచారు. ఇది లారీ... అని ఆగాను. హారన్ అనాలి. హారన్ లోపలే ఉంది. దాని మోత కూడా వినిపిస్తోంది నాకు. వెతుక్కుంటున్నాను. ముందు వరసలో ఒకాయన దగ్గాడు. ఎవరో కుర్చీ జరిపారు. ఒకామె చప్పట్లు కొట్టింది, పాపం, నేను ముగించాననుకుని. ఆ వెంటనే అందరూ కొట్టారు. గట్టిగా, ప్రేమగా కొట్టారు. కార్యక్రమం నడిపే ఆయన వచ్చి, "తుంబా చెన్నాగిత్తు సార్" అని కన్నడంలో మెచ్చుకుంటూ నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకున్నాడు. అప్పుడొచ్చింది నా నోటికి, హారన్ అని. నా ముందు మైకు లేదు.

తల కొట్టేసినట్టయింది. కార్లో ఘాటు రోడ్డు దిగాం. నాకు అప్పటికి అంతా అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే అతని ఇంటికి పోయాను. కంప్యూటరు వైపు వేలు చూపించి, కొయ్యనిది పెట్టమన్నాను. అతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఎందుకన్నా, వద్దన్నా అన్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పెట్టాడు.

తారానగర్ పిల్లోడు, అన్నాను నేను. తర్వాత ఏమీ లేదు. రికార్డు ఆగిపోయిందనుకుని అతని వైపు చూశాను. ఆగలేదని కంప్యూటరు తెర మీద గీత కదలడం చూపించాడు. దూరంగా ఎవరిదో మోటరు నడుస్తోంది. వీధిలో ఉల్లిగడ్డల బండివాడు కన్నడంలో అరుస్తున్నాడు. నా నాలుక అంగిట్లో తడుముకునే చప్పుడు. ఎంతకీ మాట రాదు. అంత పొడుగు ఖాళీ అని నాకు తెలియదు. ఆ బండివాడు వీధి దాటి పోయాడు. అప్పుడొచ్చింది నా గొంతు, క్యాసెట్టు అని. నాకు నా మీదే జాలేసింది, సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అన్నీ ఒకేసారి.

అయినా వింటూనే ఉన్నాను. అప్పుడొకటి చెవిన పడింది. ప్రతి ఖాళీలోనూ ఒకచోట అతను ఊపిరి లోపలికి పీల్చుకుంటున్నాడు, మనిషి మాట అనబోయేముందు పీల్చుకున్నట్టు. పీల్చుకుని, అనకుండా వదిలేస్తున్నాడు. ఆ పిల్లోడి కథ అతనికి కంఠతా వచ్చు, నేను ఎన్నిసార్లు చెప్పలేదు! క్యాసెట్టు అని అందిస్తే అయిపోయేది. లోకమంతా నాకు మాట అందించింది. ఇతను ఆ ఉక్కలో, ఫ్యాను లేకుండా, కుర్చీ కిర్రుమంటుందని కదలకుండా, నోటిదాకా వచ్చిన మాటని మింగుతూ కూర్చున్నాడు. అది కట్టుబాటు కోసమేనని అప్పటికీ అనుకున్నాను.

అయినా కోపం చల్లారలేదు. ఎందుకు కోసినావని అడిగాను. ఆ రెండు మాటలు రావడానికీ తంటాలు పడ్డాను.

అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నీకోసమని మొదలుపెట్టాను. వింటే నీకు ధైర్యమొస్తుందనుకున్నాను. తర్వాత నాకోసమే కోసుకున్నానన్నా. నువ్వు ముందులాగా మాట్లాడుతుంటే వినాలనిపించింది. ఒక్కొక్క మాటా కలిపి కలిపి నిన్ను తయారుచేసుకున్నాను" అన్నాడు. అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏం చెయ్యను నేను? చెంప పగలగొట్టాలని వచ్చినవాణ్ణి, ఓదార్చాల్సి వచ్చింది. ఓదార్చడానికి మాట కావాలి. నోరు తెరిచాను. మొదటి ముక్క వచ్చి ఆగింది. మైకు లేదు, రికార్డింగు లేదు, పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. గొంతు మీద గొంతు పడినా చెడేదేమీ లేదు. వద్దులే అన్నా, అర్థమైందిలే అనొచ్చు. అతను అనలేదు. ముక్కు తుడుచుకుని, నా మొహం వైపు చూస్తూ, ఆగాడు. కింద వాళ్ళావిడ టిఫిను తినమని పిలిచింది. బదులియ్యలేదు. మళ్ళీ పిలిచింది. అతను ఆగే ఉన్నాడు.

"ఆ గొంతంటే... నాకూ ఇష్టమేనప్పా" అన్నాను చివరికి. "అది... పోయింది. ఇంక ఇదే... ఉండాది."

తల ఊపాడు. మధ్యలో ఆగితే వినేవాళ్ళు ఫోను చెడిపోయిందనుకుంటారేమో అన్నాడు. అనుకోనీ అన్నట్టు చెయ్యి ఊపాను. కిందికి పోయి ఇద్దరం టిఫిను తిన్నాం. సాయంత్రం ఆ రికార్డింగును ఒక్క ముక్కా కొయ్యకుండా ఉన్నదున్నట్టు పాడ్‌కాస్టులో పెట్టాడు.