నడిమి దుంగ తీసిన తెప్ప

నాకు ఈత రాదు. ఉద్యోగమంతా సముద్రం పక్కనే చేసినా నేర్చుకోలేదు, నేర్పుతామన్నవాళ్ళూ లేరు. విడవలూరుకు తూర్పున, ఒడ్డుకు కూతవేటు దూరంలో ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. అరవైల మొదట్లో నన్ను అక్కడ నర్సుగా వేశారు. డాక్టరు వారానికొకసారి జీపులో వచ్చి పోయేవాడు. మిగతా రోజుల్లో పురుళ్ళకూ జ్వరాలకూ తేలు కుట్టినవాళ్ళకూ నేనే దిక్కు. నాకు పెళ్ళి కాలేదు. అవుతుందన్న ఆశ మా నాన్నకు తప్ప ఎవరికీ లేదు. సాయంత్రం లాంతరు వెలిగించి బైబిలు చదువుకుని పెందలాడే పడుకునేదాన్ని. సముద్రమంటే నాకు రాత్రిపూట వినిపించే ఒక చప్పుడు, అంతే.

ఒక ఏడు నవంబరులో వానలు విడవకుండా కురిశాయి. ఉప్పుటేరు పొంగి, సముద్రంలో కలిసేచోట గట్టును కోసేసింది. జనాన్ని దాటించే పడవ కొట్టుకుపోయింది. ఏటికి అవతల ఉన్న చేపలవాళ్ళ పాలేనికి దారి లేకుండా పోయింది. వాన తెరిపిచ్చిన రోజు రాత్రి, తడిసి ముద్దయిన మనిషొకడు వచ్చి నా తలుపు బాదాడు. మా వైపు పాలెంలోనివాడే. భార్య కాన్పుకని అవతలి పాలెంలో పుట్టింటికి పోయింది. ఆమె దగ్గరినుంచే ఒంటరిగా తెప్ప వేసుకుని, సముద్రం మీదుగా ఏటిని చుట్టి వచ్చాడు.

“బిడ్డ పుట్టిందమ్మా. మాయ పడలా. రగతం ఆగేదే లేదు,” అన్నాడు. ఇంకేమైనా అడిగితే ఏడ్చేటట్టున్నాడు.

సిరంజీ, మందుసీసాలూ రేకుపెట్టెలో సర్ది, దాన్ని ఆయిల్‌క్లాత్‌లో చుట్టి బయల్దేరాను. ఎందులో పోవాలో ఆలోచించలేదు. ఒడ్డుకు వెళ్ళాక చూశాను. తెప్ప అంటే పడవ కాదు. నాలుగైదు దుంగల్ని పక్కపక్కన పేర్చి కొబ్బరితాళ్ళతో బిగిస్తారు. అంచులుండవు. నీళ్ళు కిందా ఉంటాయి, పైనా ఉంటాయి. సరే, ఎక్కుదామని చీర ఎగదోపుకున్నాను. పాలెం పెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన వెనక లాంతర్లు పట్టుకుని మగవాళ్ళంతా నిలబడి ఉన్నారు.

“ఆడమనిషి తెప్ప ఎక్కేదానికి లేదమ్మా. గంగమ్మ తల్లి ఓర్చుకోదు,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. “అవతల మనిషి చచ్చిపోతోంది. మీ గంగమ్మ కూడా ఆడదే కదా, ఆమెకు మాత్రం తెలియదా?” అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. తల గోక్కుంటూ సముద్రం వైపు చూశాడు, తెప్ప వైపు చూశాడు. ఇసుకలో కూలబడిన ఆ భర్త వైపు కూడా చూశాడు.

“నడిమి దుంగ తీసెయ్‌రా,” అన్నాడు చివరికి.

సంగతేమిటంటే, ఆ పాలెంలో తెప్ప కట్టేటప్పుడు పసుపూ కుంకుమా పెట్టి మొక్కేది నడిమి దుంగకే. అది ఉంటే తెప్ప, లేకపోతే ఒట్టి దుంగలు. ఒట్టి దుంగల మీద ఆడది కూర్చోకూడదని ఎవరూ ఏనాడూ అనలేదు. అందరికీ ఇది సబబుగా తోచింది. నెల్లూరు కోర్టులో ప్లీడర్లు కూడా ఇంత చక్కగా దారి తీయలేరు. కాకపోతే అన్నిటికన్నా లావైన దుంగ అదే, తెప్ప తేలేది సగం దాని బలం మీదే. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. భర్త కట్లు విప్పి, దాన్ని పక్కకు దొర్లించి, మిగిలినవాటిని మళ్ళీ బిగించాడు. అవి ఇప్పుడు ఇద్దరికి మించి మోయవు. అందుకని రెండో తెడ్డు నా చేతికిచ్చారు. రేకుపెట్టెను నా నెత్తిన పెట్టి తువ్వాలతో గడ్డం కింద ముడేశారు. అద్దంలో చూసుకోనందుకు ఇప్పటికీ సంతోషమే.

“మోకాళ్ళ మీద కూర్చోండి నర్సమ్మా. నేను వెయ్యమన్నప్పుడు వెయ్యండి. ఏమైనా గానీ ఆపొద్దండి,” అన్నాడు భర్త, నా వెనక తెడ్డు అందుకుని.

మొదటి అల వచ్చినప్పుడు అది అల అని నాకు తెలియలేదు. ఎదురుగా చీకటి లేచి నిలబడింది. అది విరిగి మీద పడింది. నోట్లో ఉప్పు, చెవుల్లో హోరు. కళ్ళు తెరిచేసరికి రెండోది. నేను పాస్టరు కూతుర్ని, రోజూ ఆసుపత్రి వరండాలో రోగులకు ప్రార్థన చేసేదాన్ని. ఆ నిమిషాన ఒక్క వాక్యం గుర్తు రాలేదు. “వెయ్యండి, వెయ్యండి” అని వెనకనుంచి ఆయన అరుపే వినిపించింది. వేశాను. ఎటు వేశానో తెలియదు.

అలలు విరిగే చోటు దాటాక సముద్రం ఒక్కసారిగా నెమ్మదించింది. ఉప్పుటేరు వచ్చి పడేచోట వడికి చిక్కకుండా, దూరంగా పోయి చుట్టి రావాలన్నాడు. నడుం దాకా నీళ్ళలోనే ఉన్నట్టుంది. మా బరువుకు దుంగలు మునిగి కనబడటం లేదు. ఉత్త నీళ్ళ మీద మోకరించి పోతున్నట్టుంది. ఒడ్డున లాంతరు మినుకుమని, కాసేపటికి అదీ పోయింది. మబ్బు చీలి నక్షత్రాలు వచ్చాయి. తెడ్డు ముంచినప్పుడు నీళ్ళు వెలిగాయి. మొదట కళ్ళు చెదిరాయనుకున్నాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ వెలిగాయి. నీలంగా, నిప్పు లేని వెలుగు. నా చేతిమీదుగా చుక్కలు చుక్కలుగా జారింది. పెద్ద అల ఒకటి విరగకుండా కిందనుంచి వచ్చి మమ్మల్ని మెల్లగా ఎత్తి దించింది.

నేను గట్టిగా నవ్వాను. నెత్తిన పెట్టెతో, ఈత రాని నేను, నడిసముద్రంలో. అవతల ఒక మనిషి ప్రాణం పోతోందని తెలిసే నవ్వాను. సంతోషానికి అవన్నీ పట్టవు.

“ఏమైంది?” అన్నాడాయన భయంగా.

“ఏం లేదన్నా. పోనియ్,” అన్నాను.

ఏరు దాటి ఒడ్డు వైపు తిరిగేసరికి కట్లు వదులయ్యాయి. దుంగలు విడివడి, నా మోకాలు మధ్యలో దిగిపోయింది. కింద ఏమీ తగల్లేదు. అంత ఖాళీ నేనెప్పుడూ తాకలేదు. కాలు దుంగల మధ్య నలిగిపోతుందో, నేనే జారిపోతానో తెలియక కేక వేశాను. ఆయన బోర్లా పడుకుని రెండు చేతులతో దుంగల్ని దగ్గరికి పట్టి, పళ్ళతో తాడు బిగించాడు. అంతసేపూ తెడ్డు వేసింది నేనొక్కదాన్నే. చివరి అల మమ్మల్ని ఎత్తి ఇసుక మీద పారేసింది. తెప్ప ఒక పక్కకు, మేము ఒక పక్కకు. పెట్టె మాత్రం నెత్తి మీదే ఉంది, లోపల పొడిగానే ఉంది.

గుడిసెలో నేల తడిగా ఉంది, నీళ్ళతో కాదు. బిడ్డ అమ్మమ్మ ఒళ్ళో గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆడపిల్ల. తల్లి ఏడవటం లేదు. ఆమెను చూసే నేను భయపడ్డాను. ఇంజక్షను చేసి, చేతులు కడుక్కుని, చేయాల్సింది చేశాను. మాయ వచ్చింది. చాలాసేపటికి నెత్తురు తగ్గింది. ఆమె చేతి నాడి నా వేళ్ళకింద దారంలా ఆడుతూ, ఆడుతూ, తెల్లవారేముందు కాస్త నిలదొక్కుకుంది. బతుకుతుందని భర్తతో చెప్పాను. ఆయన లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడి ముఖం కప్పుకున్నాడు.

కాసిని పాలు తాగాక ఆమె నా తడిచీర వంక చూసింది.

“ఎట్ట వచ్చినారక్కా? పడవ లేదు గదా?”

“తెప్ప మీద.”

ఆమె అటు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకుని లేవబోయాను. నా కొంగు పట్టుకుంది. ఆ ఇసుక మీదే పుట్టి, ఆ ఇసుక మీదికే కాపురానికి పోయిన మనిషి. ఊహ తెలిసినప్పటినుంచి రోజూ వచ్చే తెప్పలకు ఎదురుపోయి చేపలు గంపకెత్తుకున్న మనిషి.

“నేను మోకాల్లోతు దాటి యెప్పుడూ పోలా,” అంది మెల్లగా. “ఆడ ఎట్టుంటాదక్కా?”

వాళ్ళమ్మ బిడ్డనెత్తుకుని దగ్గరికి జరిగింది. నీళ్ళు కాస్తున్న ముసలామె పొయ్యి వదిలి వచ్చి కూర్చుంది. అలలు విరిగే చోటు గురించి చెప్పాను. వెలిగిన నీళ్ళ గురించి చెప్పాను. ముసలామె నోరు తెరుచుకుని విని, “మావాళ్ళు ఒక్కనాడూ చెప్పలేదే,” అంది.

“భయమేసిందా?” అనడిగింది బాలింత.

“వేసింది. చచ్చేంత.”

ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“బాగుండిందా?”

“చాలా బాగుంది,” అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. కొంగు మాత్రం వదల్లేదు.

“ఇంకా చెప్పక్కా,” అంది.