మోరీ రంగు ఆరేసిన క్యాథరిన్

పొద్దున ప్రార్థన కాగానే క్యాథరిన్ ఒక తెల్ల పేలికను కట్టెకు చుట్టి ఇంటి ముందరి మురికినీళ్ల మోరీలో ముంచేది. దాన్ని పిండి వాకిట్లో దండెం మీద ఆరేస్తే గాని చాయ్ తాగేది కాదు.

ఆమె ఆ వార్డు కౌన్సిలర్. అంతకుముందు భానుప్రసాద్ సేఠ్ రంగుల కార్ఖానాలో కూలి. ఊళ్లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన గుడ్డంతా అక్కడికే వచ్చి, రంగు పడి, లంగాల గుడ్డగా బయటికి పోతుంది. మిగిలిన రంగునీళ్లు మోరీ వెంట చెరువులోకి పోతాయి. కూలీల చేతులకు గ్లౌజులు, నీళ్లకు శుద్ధి ట్యాంకు అని ఓట్లడిగి గెలిచింది క్యాథరిన్. మోరీలో ఏం పారుతోందో అందరి కంటా పడాలని ఆ పేలిక ఆరేయడం మొదలుపెట్టింది.

జనం కంట పడింది. కాకపోతే వాళ్లు చూసింది వేరు.

"ఇయ్యాల మెరూన్ వచ్చిందక్కా," అనేది కండెలు చుట్టే చంద్రవ్వ, సంబరంగా. "మెరూనంటే పెద్ద ఆర్డరే. మా ఆయనకు డబుల్ డ్యూటీ దొరుకుతది."

"అది విషం చంద్రవ్వా."

"విషమే గాని, మంచి రంగు."

ట్యాంకు కోసం ఆమె తిరగని ఆఫీసు లేదు. కరీంనగర్‌లో కలెక్టరాఫీసు ముందు రంగునీళ్ల సీసాలు పెట్టుకుని కూర్చుంటే, షర్బత్ అనుకుని ఇద్దరు ధర అడిగిపోయారు. చివరికి సేఠ్ విసిగి గ్లౌజులు తెప్పించాడు. అవి పాడవుతాయని కూలీలు ఇళ్లల్లో దాచుకున్నారు. ట్యాంకు కూడా కట్టించాడు.

ట్యాంకు నడిచిన మర్నాడు మోరీలో ముంచిన పేలిక తెల్లగా పైకొచ్చింది. దాన్ని ఆరేస్తుంటే క్యాథరిన్‌కు కళ్లు చెమర్చాయి. చాయ్ తాగి బయటికొచ్చేసరికి వాడంతా సంచులతో బస్టాండు దిక్కు పోతోంది. అక్కడ, సాంచాల పనికి మహారాష్ట్రలోని భివండికి పోయే బస్సు టికెట్లమ్మే సాయిచంద్ అప్పుడే రెండో బస్సు కోసం ఫోన్ చేస్తున్నాడు.

సాంచాల మీదే జుట్టు నెరిసిన అంబదాస్ బస్సెక్కి కూర్చుని ఉన్నాడు.

"ఏడికి కాకా?" అంది క్యాథరిన్.

"భివండికి బిడ్డా. నీ గుడ్డ తెల్లగున్నది. కార్ఖానా బందైనట్టే గద."

"బంద్ కాలే. నీళ్లు మంచిగైనయి."

"నీళ్లు మంచిగైతే పని ఏడుంటది?" అని అతను కిటికీ పక్కకు జరిగాడు.

ఆమె మోరీ నీళ్లు బిందెలో పట్టుకొచ్చి చూపించింది. అవి అంత తేటగా ఉండేసరికి, అప్పటిదాకా అనుమానంగా నిలబడ్డవాళ్లు కూడా బస్సెక్కారు.

సేఠ్ ఉరికొచ్చాడు. "జర ఇను మేడం. రెండ్రోజులు మోరీల ఇంత రంగు పోస్త, కేసు పెట్టకు. నేసెటోళ్లు పోతే నాకు గుడ్డేడిది?"

"పోస్తే ఊకోను," అంది క్యాథరిన్. కాసేపు ఆలోచించి కార్ఖానాలోకి పోయి, పేలికను నేరుగా రంగు తొట్టిలోనే ముంచి తెచ్చి ఆరేసింది. బాటిల్ గ్రీన్. మధ్యాహ్నానికి రెండు బస్సులూ ఖాళీ అయ్యాయి.

అప్పటినుంచి రోజూ తొట్టి రంగే దండెమెక్కింది. పేలికకు రంగుంటే కార్ఖానా నడుస్తున్నట్టు, లేకుంటే ఆగినట్టు. ఊరికి అదే లెక్క.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఖాళీ బస్సుల కోపంతో సాయిచంద్ ఆమె మీద నిలబడ్డాడు. "నీళ్లు సాఫ్ జేసిన్నంటది. ఆమె దండెమే చూడుండ్రి, ఒక్కనాడన్న తెల్లగున్నదా?" అని ఆటోలో మైకు పెట్టి తిరిగాడు.

"గది మోరీ రంగు కాదు, తొట్టి రంగు," అని క్యాథరిన్ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"అంటే ఇన్నొద్దులు ఉత్తుత్తిగనే ఆరేసిందన్నట్టు," అంది మైకు.

పోలింగ్‌కు ముందురోజు భర్త జోయల్ అన్నం తింటూ అన్నాడు. "రేపొక్కరోజు తెల్లగుడ్డ ఆరెయ్యి. వాని నోరు మూతవడ్తది."

"తెల్లగుడ్డ చూస్తే మనోళ్లంత భివండి బస్సెక్కుతరు. ఓట్లు బస్సుల పోతయి."

"రంగుది ఆరేస్తే ఓడిపోతవు."

"ఓడిపోతె నేనొక్కదాన్నే పోత," అంది ఆమె, కంచం కడుగుతూ.

పొద్దున తొట్టిలో ఏ రంగుంటే అదే తెచ్చి ఆరేసింది. మెరూన్. వాడంతా ఒక్కసారి దండెం వైపు చూసి, సద్ది కట్టుకుని డబుల్ డ్యూటీకి పోయింది. అంబదాస్ సాంచె దిగేసరికి పోలింగ్ అయిపోయింది. సాయిచంద్ గెలిచాడు.

అంబదాస్ నూనె చేతులతోనే ఆమె ఇంటికొచ్చాడు. "ఏం జెయ్యాలె బిడ్డా, మెరూనాయె," అన్నాడు. ఆమె అతనికి చాయ్ పోసింది.

క్యాథరిన్ ఇప్పుడు అదే కార్ఖానాలో, శుద్ధి ట్యాంకు దగ్గర రోజుకూలికి పనిచేస్తోంది.