యాకయ్య బోర్డు ఒక్కటే మోగింది

1982 వానాకాలం. వరంగల్‌లోని ఒక పాలిటెక్నిక్‌లో నేను ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. చెడిపోయిన సర్క్యూట్‌లో తప్పెక్కడుందో వెతకడం పిల్లలకు నేర్పడమే నా ఉద్యోగం. ఈ పనికి అనుమానపు బుద్ధి కావాలి. అది నాకు దండిగానే ఉంది. కిరాణా కొట్టు తక్కెడ నుంచి మా ఇంటి గోడ గడియారం దాకా దేన్నీ ఒక్క పట్టాన నమ్మే రకం కాదు నేను. మా ఆవిడైతే నా పోరు పడలేక గడియారం చూడటమే మానేసింది.

ఆ ఏడు రెండో సంవత్సరం పిల్లలు ఒక్కొక్కరు ఒక ఆడియో యాంప్లిఫయర్ బోర్డు తయారుచేయాలి. చిన్న శబ్దాన్ని పెద్దది చేసి స్పీకర్‌కు పంపే సర్క్యూట్ అది. వర్షాలు మొదలైన కొత్తలో చేసిన ఈ బోర్డులను దసరా తర్వాత బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు మోగించి చూపాలి. మోగకపోతే ప్రాక్టికల్ పోయినట్టే.

బోర్డుల మీద భాగాలను సోల్డరింగ్‌తో అతికించిన వారం నేను జ్వరంతో సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చి చూస్తే అతుకులన్నీ తళతళలాడుతున్నాయి, బోర్డులన్నీ మోగుతున్నాయి. ఈ బ్యాచ్ పనిమంతులే అనుకుని ల్యాబ్ బీరువాలో పెట్టించాను.

నెల తిరిగేసరికి ఒక బోర్డు మూగబోయింది. మరో నాలుగు రోజులకు ఇంకొకటి. విప్పి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే వెంట్రుకంత సన్నని రాగి తీగ అతుకు దగ్గర తెగి ఉంది. ఒకటైతే పొరపాటనుకోవచ్చు. అన్నీ ఒకే చోట తెగుతుంటే ఎవరో బ్లేడు పెట్టి కోస్తున్నారనే అనిపించింది. క్లాసులో గుసగుసలు మొదలయ్యాయి. పిల్లలు ఎవరి బోర్డును వాళ్లు సంకలో పెట్టుకుని తిరగసాగారు. నేనూ ఒక్కొక్కరి జేబుల వైపు చూడటం మొదలుపెట్టాను.

ఆ గుసగుసలు చివరికి యాకయ్య మీద ఆగాయి. నెక్కొండ నుంచి పొద్దుటి ప్యాసింజర్‌లో వచ్చేవాడు. ఆ బండి దిగితే కాలేజీకి అందరికంటే ముందే చేరేవాడు. అటెండర్ ఊడుస్తుంటే ల్యాబ్‌లో ఒక మూల కూర్చుని చదువుకునేవాడు. తండ్రిది రెక్కల కష్టం. క్లాసులో ఎక్కువమంది పట్నం పిల్లలు, దుకాణాలవాళ్ల పిల్లలు. వాళ్లు ఇతనితో పెద్దగా కలిసేవారు కాదు. అన్నిటికీ మించి, యాకయ్య బోర్డుకు మాత్రం ఏమీ కాలేదు. మిగతావి మూగబోతుంటే అదొక్కటే గణగణా మోగుతోంది.

పిలిచి అడిగాను.

"నేను ముట్టలే సార్."

"మరి నీదొక్కటే ఎట్ల పనిచేస్తాంది?"

"అదే నాకు సుత సమజైతలేదు సార్."

ఆ జవాబు నాకు నచ్చలేదు. దొంగ అయితే ఏదో ఒక కథ చెప్తాడు, ఇతడు అదీ చెప్పడం లేదు. నిజం చెప్పాలంటే, కథ చెప్పకపోవడం కూడా ఒక తెలివేమో అని అనుమానించాను.

మా డిపార్ట్‌మెంట్ హెడ్‌కు ఏ అనుమానమూ లేదు. "ఇంకా ఏం ఎంక్వైరీ అండీ? పొద్దున్నే ఒంటరిగా ఉండేది అతనే, బోర్డు బాగున్నదీ అతనిదే. సోమవారం తండ్రిని రమ్మని కబురు పెట్టాను. టీసీ ఇచ్చి పంపేద్దాం" అన్నారు.

టీసీ మీద ఆయన రాయించబోయే మాటలతో యాకయ్యకు ఇంకే కాలేజీలోనూ సీటు రాదు. అతని చదువు ఆ సోమవారంతో సరి.

సర్క్యూట్‌లో రెసిస్టర్ ఒకటి మాడి నల్లగా కనిపిస్తే కొత్తవాడు దాన్నే తప్పుపడతాడు. చాలాసార్లు అసలు దోషి దాని వెనక ఉన్న ట్రాన్సిస్టర్. బయటికి అది నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇన్నేళ్లు ఇదే పాఠం చెప్పిన నాకు, ఇంత సులువుగా దొరికిన దొంగ మీద కూడా నమ్మకం కుదరలేదు. శనివారం సాయంత్రం ఇంకా బతికి ఉన్న బోర్డులను హెడ్ ముందే మోగించి చూపాను. వాటిని ఆయన గదిలోని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా జేబులో వేసుకుని ఇంటికి వెళ్లాను.

సోమవారం యాకయ్య తండ్రి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను బీరువా తీసి బోర్డులు ఒక్కొక్కటే స్పీకర్‌కు తగిలించాను. ఒకటి మోగలేదు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అన్నారు హెడ్.

"నా దగ్గరే సార్."

ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూశారు. ఒకరిని అనుమానించడమే తప్ప ఒకరి చేత అనుమానించబడటం అలవాటు లేనివాణ్ణి.

భూతద్దం తెచ్చి చూశాను. బ్లేడుతో కోసిన రాగి కొస మెరుస్తుంది. ఇది మెరవడం లేదు. కొస చుట్టూ పచ్చటి పొడి. గోటితో తాకితే రాలిపోయింది. తీగను ఎవరూ కోయలేదు, ఏదో తినేసింది.

సోల్డర్ పట్టాలంటే తీగ మీది మకిలి పోవాలి. అందుకు వాడేది ఫ్లక్స్. మామూలుగా అది సోల్డర్ తీగ లోపలే ఉంటుంది. ఆ ఏడు స్టోర్స్ నుంచి ఫ్లక్స్ లేని సోల్డర్ కడ్డీలు వచ్చాయని నాకు అప్పుడు గుర్తొచ్చింది. క్లాసుకు వెళ్లి, నేను సెలవులో ఉన్నప్పుడు ఏం పూసి అతికారని అడిగాను. సోమేశ్వర్ లేచాడు. మట్టెవాడలో ఇత్తడి సామాన్ల దుకాణం వాళ్లది.

"మా దుకాణం ముందట బకెట్లకు మాట్లేసే తాత ఉంటడు సార్. ఆయన దగ్గర తేజాబ్ సీసా తెచ్చిన. మస్తు పట్టింది సార్, అద్దం లెక్క."

అద్దంలా మెరిసిన ఆ అతుకులు చూసే నేనూ మురిసిపోయాను. బకెట్ రేకు మందానికి ఆ తేజాబ్, అంటే యాసిడ్, ఏ పాపమూ చేయదు, పైగా కడిగేస్తారు. వెంట్రుకంత తీగ మీద కడగకుండా వదిలేస్తే, వానాకాలపు తేమలో లోలోపల కొరుక్కుతింటుంది.

"అందరికీ ఇచ్చినవా?"

"ఇచ్చిన సార్."

"యాకయ్యకు?"

మూల బల్ల దగ్గర్నుంచి యాకయ్యే చెప్పాడు. "సీసా ఆ బల్లల మీదనే తిరిగింది సార్. నా దిక్కు రాలే. నేను పాత డబ్బల అడుగుకు మిగిలిన రోజిన్ గీక్కొని పెట్టుకున్న."

రోజిన్ అంటే ఫ్లక్స్‌గా వాడే బంక. తీగకు హాని చేయదు. తోటివాళ్లు దూరం పెట్టడం వల్లే అతని బోర్డు బతికింది. బోర్డు బతికినందుకే అతడు దొంగయ్యాడు.

హెడ్ గదికి తిరిగి వచ్చి జరిగింది చెప్పాను. ఆయన "అయితే ఎగ్జామ్ లోపల అన్నీ కడిగించి కొత్త తీగలు వేయించండి" అన్నారు. అంతే. యాకయ్య తండ్రి గుమ్మం దాకా వచ్చి, "మా పోరనిది తప్పు లేదంటే ఇగ నేను పోవచ్చా సార్? బండికి టైమైతాంది" అన్నాడు. పోవచ్చన్నాం. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి క్షమించమని ఒక్క మాట చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు.

ఆ తర్వాత నా పని పద్ధతి మార్చుకున్నాను. ఏదైనా చెడితే 'ఎవరు' అని అడగడం చివరికి, 'ఎందుకు' అని అడగడం ముందుకు. సర్క్యూట్‌ను అనుమానిస్తే మీటర్ పెట్టి చూస్తాం, తప్పు లేదని తేలితే మళ్లీ మామూలుగా వాడుకుంటాం. మనిషి విషయంలో అది కుదరదని నాకు తెలిసింది మాత్రం ఇంకో వారం తర్వాత.

బోర్డులన్నీ బాగుచేయడంలో యాకయ్య అందరికంటే ఎక్కువ కష్టపడ్డాడు. సోమేశ్వర్ పక్కన కూర్చుని అతని తీగ కూడా మార్చిపెట్టాడు. సంతోషం పట్టలేక, ల్యాబ్ తాళంచెవి ఇకనుంచి నీ దగ్గరే పెట్టుకో అని అతని చేతికి ఇచ్చాను. క్లాసులో అది పెద్ద గౌరవం.

అతడు దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"వద్దు సార్. రేపు ఏమన్న కరాబైతే, మీరు మల్ల ముందుగాల నన్నే అడుగుతరు."