ఎడమ దిక్కు ఫొటో

పొద్దుగాల కూరగాయలు కోసుకుంట ఫోన్ల పాటలు పెట్టుకునుడు నాకు అలవాటు. పాట సగంల ఆగిపోయి అడ్వర్టైజ్‌మెంట్ వస్తది. ఇయ్యాల కూడా వచ్చింది. ఎడమ దిక్కు ఒక లావాటామె, ఎవరో తిట్టి నిలబెట్టినట్టు మొహం ముడుచుకొని ఉన్నది. కుడి దిక్కు సన్నటామె పండ్లన్ని బయటపెట్టి నవ్వుతున్నది. నడుమ బాణం గుర్తు. తీసేద్దామని వేలు పెడితే ఇంకింత పెద్దగైతది, గదొక మాయ. వెనుకట గిసోంటివి చూస్తే కోపమొచ్చేది, ఇప్పుడు అలుపొస్తది. వంకాయ ముక్కలు నల్లబడుతున్నా చూసుకోకుంట గట్లనే కూసున్న. ఎందుకంటే గా ఎడమ దిక్కు జాగల మా వదినె ఉండె ఒకప్పుడు. మాటవరసకు అంటలేను, నిజంగనే ఉండె, ఇబ్రహీంపట్నం చౌరస్తాల కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద.

వదినె అంటే మా అన్న భార్య. నాకు యాభై దాటినా నన్ను "పిల్లా" అనే పిలుస్తది. మంచాల దిక్కు పల్లె నుంచి కోడలిగా వచ్చిననాడే నిండు మనిషి. మా నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది పని చేసే చెయ్యి, నా మనుమని ఇల్లు నిలబడ్తది" అని మురిసిపోయింది. అప్పట్ల గదే మెచ్చుకోలు. ఆమె కూసుంటే మా నులక మంచం కిర్రుమనేది, ఆ చప్పుడుకు అందరికన్నా ముందు ఆమెనే నవ్వేది. సర్వపిండి చేసిందంటే వాసన వాడకట్టంత తిరిగొచ్చేది. "ఇంకొక ముక్క తిను, ఏం పోతది?" అనేది. అది బతిమాలుడు కాదు, దబాయింపు. ఇగ బతుకమ్మ అప్పుడైతే ఆమె ముందట మైకు దండుగ. పాట ఎత్తుకున్నదంటే ఊపిరి ఎక్కడ తీసుకుంటదో తెల్వకపోయేది. వెనుక చప్పట్లు కొట్టుకుంట తిరిగే మాకు ఆయాసమొచ్చేది గని ఆమెకు రాకపోయేది. ఊర్లె ఎవరింట్ల శుభకార్యమైనా, "మీ వదినెను తోలియ్యి" అని నన్నడిగేటోళ్లు, నేనేదో ఆమె మేనేజర్ అయినట్టు.

టీవీ వచ్చినప్పుడు ఆమెకేం కాలేదు. సీరియళ్లల్ల అత్త కోడలి కన్నా సన్నగుంటది కద, ఆమెను చూసి మా వదినె, "అయ్యో, దీనికి ఇంట్ల ఇంత బువ్వ పెడ్తలేరే" అని నిజంగనే జాలిపడేది. ఫోన్ వచ్చినంకనే కత మారింది. టీవీ అందరికి కలిపి చెప్తది, ఫోన్ పక్కకు కూసుండి నీ ఒక్కదానికే చెప్తది. పొట్ట తగ్గే వీడియో ఒక్కటి చూసిందంటే ఇగ దినాం గవే వచ్చుడు. నిమ్మకాయ నీళ్లు, జీలకర్ర నీళ్లు, మెంతుల నీళ్లు. మా అన్న, "ఇంట్ల చాయ్ తప్ప అన్ని నీళ్లు దొరుకుతున్నయ్" అని గునిసేటోడు. గప్పుడే వాళ్ల బిడ్డ పెండ్లి ఆల్బం వచ్చింది. గులాబీ రంగు పట్టుచీర కట్టి తాను పందిట్ల నిలబడ్డ ఫొటో ముందట పెట్టుకొని, "పిల్లా, నేనేంది ఇంత ఘనం ఉన్న?" అన్నది. "పుట్టినకాడికెళ్లి ఉన్నవ్, ఇయ్యాల ఎర్కైందా?" అన్న నేను. ఎప్పుడైనా పగలబడి నవ్వే మనిషి, నవ్వలే.

బస్టాండు కాడ ఒక మేడ మీద, పొద్దుగాల పొడి కలిపిచ్చి బరువు తగ్గిస్తమనే సెంటర్ ఉండె. ఇప్పుడు లేదులే, గా జాగల బట్టల దుకాణం పడ్డది. వదినె అండ్ల చేరింది. చేరిననాడు ఫొటో దిగాలె, రికార్డు కోసమన్నరంట. ఫొటో అంటే మనోళ్లకు పండుగే కదా. గా గులాబీ చీరనే కట్టుకున్నది, పౌడర్ అద్దుకున్నది, పూలు పెట్టుకున్నది. "నవ్వకుండ్రి అక్కా" అన్నరంట. ఆధార్ కార్డు ఫొటో తీరు కావచ్చనుకొని బుద్ధిగా మూతి బిగించింది.

కొన్నొద్దులకు చౌరస్తాల ఫ్లెక్సీ లేసింది. ఎడమ దిక్కు మా వదినె, కింద 'ముందు' అని. కుడి దిక్కు ఎన్నడు చూడని ఆమె, గసోంటి గులాబీ చీరల, కింద 'తర్వాత' అని. ఆటోలోళ్లు, పండ్ల బండోళ్లు, బొంగులూరు దిక్కు ప్లాట్లు చూడనీకి పోయెటోళ్లు, అందరు గా స్తంభం కిందికెళ్లే పోవాలె. నేను ఆమెను ఎంటవెట్టుకొని గా మేడ ఎక్కిన. నాకు నోరు జర ఎక్కువనే, నోటికొచ్చిందల్ల అన్న. అక్కడున్న పడుచు పోరి మాత్రం నా దిక్కు చూడనే చూడలే. మా వదినె చెయ్యి పట్టుకొని మస్తు తియ్యగా, "ఫీల్ కాకు అక్కా. నువ్వు తగ్గు, కుడి దిక్కు నీ ఫొటోనే పెడ్తం" అన్నది. మెట్లు దిగుకుంట నేను తిడుతనే ఉన్న. వదినె వెనుకకు తిరిగి గా మేడ దిక్కే చూసుకుంట దిగింది. గా పోరి మాట ఆమెకు నచ్చిందని నాకప్పుడు తెల్వలే.

ఇగ తిండి బందయ్యింది. పొద్దుగాల పొడి, మాపటికి పొడి. మాకు సర్వపిండి చేసిపెట్టి తాను వాసన చూసుకుంట కూసునేది. తగ్గింది. జాకెట్లకు లోపలికెళ్లి కుట్లు పడ్డయ్, గాజులు మోచేతి దాంక జారినయ్. కలిసినోళ్లందరిది ఒక్కటే మాట: "ఎంత సన్నగైనవే! మాకు జర చెప్పరాదు." జన్మల అన్ని దిక్కుల నుంచి గన్ని మెచ్చుకోళ్లు ఆమె ఎన్నడు వినలే. దగ్గు అప్పటికే మొదలైంది. కొంగరకలాన్ దిక్కు మట్టి లారీలు తిరిగి తిరిగి అందరం దుమ్ముకు దగ్గుతున్నం, గండ్ల ఆమెది ఎవరు లెక్కల పెడ్తరు? ఆ ఏడు బతుకమ్మకు పాట ఎత్తుకున్నది. రెండు చరణాలు కాంగనే దగ్గొచ్చింది, వంగి మోకాళ్లు పట్టుకున్నది. పాట ఆగిపోయింది. పక్కన ఎవరో అందుకున్నరు, తిరుగుడు మాత్రం ఆగలే. ఆమెను కూసుండబెడితే ఇద్దరు ముగ్గురు దగ్గరికొచ్చి, చీర మస్తు కుదిరింది, పడుచుపిల్ల తీరు ఉన్నవన్నరు. ఆమె చెమటలు తుడుచుకుంట నవ్వింది. గా నవ్వు నాకు నచ్చలే.

సర్కారు దవాఖానల టీబీ అని తేల్చిండ్రు. ఆరు నెలలు గోలీలు మింగాలె, గుడ్లు, పప్పు, పాలు మంచిగ తినాలె, నెల నెలకు బరువు చూస్తం, పెరగాలె అన్నరు. డాక్టరమ్మ చెప్తున్నంతసేపు వదినె తలకాయ ఊపింది. ఇంటికొచ్చినంక రెండు నెలలు దాటినా తేరుకుంటలేదు. ఒకనాడు గట్టిగ అడిగితే చెప్పింది, రోజు తప్పిచ్చి రోజు మింగుతున్నదంట.

"ఎందుకే? చావాల్నని ఉన్నదా నీకు?"

"గోలీలు మింగితే ఆకలైతున్నది పిల్లా. తింటే మల్ల గా బోర్డు మీదికే పోత."

ఫ్లెక్సీ గాలివానకు చినిగిపోయి అప్పటికి ఏడాది. స్తంభానికి తాళ్లు కూడా లేవు. నాకు ఏడుపొచ్చింది, నాకన్నా మా అన్నకు ఎక్కువొచ్చింది. గట్టి మనిషి, ఆమె ముందట ఎన్నడు కంట నీరు పెట్టలే. గానాడు ఆమె మంచం పట్టె మీద కూసుండి, "నువ్వు లావుండు, ఎట్లన్న ఉండు, ఉండు గంతే" అన్నడు. ఆ దినం నుంచి గోలీలు ఆయనే చేతుల పెట్టి, మింగేదాంక అక్కడనే నిలబడేటోడు. మొత్తుకుంటనే మింగింది. గుడ్డు పెడితే కండ్లు మూసుకొని తిన్నది, మందు తాగినట్టు.

మల్ల బరువు చూసేనాడు ఆమెతోని నేనే పోయిన. కాంటా ఎక్కి, ముల్లు చూడకుంట గోడ దిక్కు మొహం పెట్టింది. నర్సమ్మ వంగి చూసింది, మల్లొకసారి చూసింది. వరండల కూసున్న రోగులందరికి వినబడేటట్టు, "అక్కా, మూడు కిలోలు పెరిగినవ్! శభాష్!" అని చప్పట్లు కొట్టింది. బెంచీ మీది ముసలాయన ఒకాయన కూడా ఎందుకో ఏందో తెల్వకుంటనే కొట్టిండు. వదినె కాంటా దిగలే. "ఏమన్నవ్ బిడ్డా? మల్ల చెప్పు" అన్నది. నర్సమ్మ మల్ల చెప్పింది. అప్పుడు కాంటా మీదనే నిలబడి, కొంగు నోట్లె కుక్కుకొని ఎక్కెక్కి ఏడ్చింది. మా నాయనమ్మ పోయినంక, ఆమె ఒంటి బరువుకు సంబురపడ్డ మనిషి గా నర్సమ్మ ఒక్కతే.

ఇప్పుడు మంచిగనే ఉన్నది. దగ్గు పోయింది, గొంతు సగం వచ్చింది. కానీ ఈ నాటికి అన్నం పెట్టుకున్నంక పళ్లెం దిక్కు ఒక్కసారి చూస్తది, ఎవరన్న చూస్తున్నరా అని పక్కకు చూస్తది, ఒక పిడికెడు తీసి మల్ల గిన్నెల ఏస్తది. టీబీకి ఆరు నెలలని డాక్టరమ్మ లెక్క కట్టి చెప్పింది. గా పిడికెడు అన్నం మల్ల పళ్లెంలకు రానీకి ఎన్నేండ్లు పడ్తదో మాకు చెప్పెటోళ్లు లేరు.