పూర్ణచంద్రరావుగారి బిరడాలు

గుణదలలో మా కాలేజీ కెమిస్ట్రీ స్టోరుకి ఇరవై ఎనిమిదేళ్లుగా పూర్ణచంద్రరావుగారే కీపరు. ఆయన నమ్మే మనిషి ఇంతవరకు పుట్టలేదు. సాయంత్రం వెళ్లేముందు ప్రతి సీసా మీదా సరుకు ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీసి తేదీ వేస్తారు. ఒక ఏడాది మూడు గాజు బిరడాలు మాయమయ్యాయని, అప్పటినుంచి ఐదు కాగానే బిరడాలన్నీ ఊడదీసి, లెక్కపెట్టి, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. సీసాల మూతికి కాగితం దోపుతారు. ఆసిడ్ సీసాలని మాత్రం వదిలేస్తారు, వాటిని ఎవరూ ఎత్తుకుపోరట. పొద్దున లెక్చరర్లు రాకముందే బిరడాలు మళ్లీ బిగిస్తారు. ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు పక్క లైబ్రరీలో పనిచేసే నేను, ఇంకొకరు ల్యాబూ స్టోరూ ఊడ్చే మణెమ్మ.

జూన్‌లో హరిచందన అనే అమ్మాయి పరిశోధనకి చేరింది. యూరియా, కోళ్ల దాణాలో వేసే కోలిన్ క్లోరైడ్, రెండూ తెల్లటి పొడులే. చుక్క నీళ్లు పోయకుండా రెండూ కలిపి వెచ్చబెట్టి తిప్పింది. నూనెలా ద్రవమైపోయింది. చల్లారినా గడ్డకట్టలేదు. ఇలాంటి ద్రవాలతో పాత ఫోన్ బ్యాటరీల్లో లోహాలు కరిగించి తీయవచ్చని ఇప్పుడు ప్రపంచమంతా పనిచేస్తున్నారట. నీళ్లు కొద్దిగా చేరితే ఆ ద్రవం లోపల ఏం మారుతుందన్నది ఈ అమ్మాయి ప్రశ్న.

"నీళ్లు లేకుండా కరగడమేంటండీ? హనుమాన్ జంక్షన్లో మా అన్నయ్యకి కోళ్లఫారం ఉంది. ఆ పొడి నాకు తెలీదా? ఎక్కడో మోసం ఉంది," అన్నారు పూర్ణచంద్రరావుగారు.

ఒక వెడల్పు మూతి సీసాలో సగం దాకా ద్రవం పోసి, నెలరోజులు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పింది హరిచందన. ఆయన గీత గీశారు. పది రోజులకి ద్రవం బియ్యపు గింజంత ఎత్తు పెరిగింది. ఆయన సర్వీసులో సీసాలు తరిగాయే గానీ పెరగలేదు. హరిచందన కొలతలు కూడా తప్పాయి, అందులో నీళ్లు ఉన్నాయని తేలింది.

పొద్దున ఏడింటికి ల్యాబు తాళంచెవి ఉండేది మణెమ్మ దగ్గరే. భవానీపురంలో ఆమెకి పది కోళ్లున్నాయి. ఇంకేం కావాలి? కోళ్లకని కొంచెం వంపుకుని నీళ్లు పోసిందని, చెయ్యి జారి గీత దాటిందని ఆయన తేల్చేశారు. అబద్ధమెందుకు, నేనూ తలూపాను.

"మూత తీసి కాగితం పెట్టింది మీరు. దాన్ని వదిలేసి నన్నంటారేంటండీ?" అంది మణెమ్మ.

"చూశారా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోంది!" అన్నారాయన. ఆమె కాంట్రాక్టు మనిషి. కాంట్రాక్టరుకి ఒక్క ఫోను చేసి, మర్నాటినుంచి రావద్దనిపించారు. పదకొండేళ్ల పని అరనిమిషంలో పోయింది.

మణెమ్మ వెళ్లిపోయినా సీసా పెరగడం ఆగలేదు. ఆయనకి నిద్ర కరువైంది. ఈసారి నన్నూ అనుమానంగా చూశారు. ఆఖరికి కాగితం మూతితోనే ఆ సీసాని బీరువాలో బిరడాల పక్కన పెట్టి, తాళం వేసి, లక్కతో ముద్ర వేశారు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. వారం తర్వాత హరిచందన ఎదుటే ముద్ర పగలగొట్టారు. ద్రవం గీత దాటి ఉంది.

"తాళం నా దగ్గరే ఉందండీ..." అన్నారాయన.

హరిచందన సీసా వైపు చూసింది. "దీని బిరడా ఏదండీ? ఈ కాగితమేంటి?"

ఆయన చెప్పక తప్పలేదు. విని ఆ అమ్మాయి కుర్చీలో కూలబడింది. "ఇది గాల్లో తేమని లాక్కుంటుంది సార్. అసలే మన ఊరి ఆషాఢం. ఎవరూ నీళ్లు పోయక్కర్లేదు, మూత లేకపోతే చాలు."

అంటే మణెమ్మ మొదటి రోజే నిజం చెప్పింది. చదువుకున్నవాళ్లం ఒక్కరమూ వినలేదు. నాకు సిగ్గేసింది. పూర్ణచంద్రరావుగారు లేచి చొక్కా గుండీలు సవరించుకున్నారు. ప్రిన్సిపాల్ దగ్గరకెళ్లి తప్పు తనదేనని కాగితం రాసిచ్చి, నన్ను వెంటబెట్టుకుని భవానీపురం బయల్దేరారు.

మణెమ్మ గుమ్మంలో నూకలు చల్లుతోంది. మమ్మల్ని కూర్చోమనలేదు.

"తప్పు నాదే మణెమ్మా. రేపట్నించి వచ్చెయ్యి. ఇదిగో, తాళంచెవి," అన్నారాయన.

ఆమె చెయ్యి చాపలేదు. "వస్తానండీ. రాకపోతే గడవదు. తాళంచెవి మాత్రం నాకొద్దు. పొద్దున్నే మీరే వచ్చి తియ్యండి. నేను ఊడ్చినంతసేపూ గుమ్మంలో నుంచోండి. ఏదన్నా పెరిగినా తరిగినా మీ కళ్లముందే అవ్వాలి."

ఇప్పుడు రోజూ ఏడింటికి పూర్ణచంద్రరావుగారు ల్యాబు గుమ్మంలో నుంచుంటారు. మణెమ్మ ఊడుస్తూ మధ్యమధ్య తలెత్తి, ఆయన ఉన్నారో లేదో చూసుకుంటుంది. ఆయన టీకని పక్కకి వెళ్తే, చీపురు కింద పెట్టి బయటికొచ్చేస్తుంది.