కృష్ణ గట్టున తాడు పట్టిందెవరు

దయ్యాలూ గాలీ ధూళీ నేను ఏనాడూ నమ్మలేదు. కడుపు కాలేవాళ్ళకు అంత తీరిక ఉండదు. అక్షరాలు కూడబలుక్కోవడమే గానీ రాయడం రాదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది.

మాచర్ల అవతల, కొండల మధ్య కృష్ణ ఇరుకుగా పారే చోటు మాది. కొండచరియలకు పట్టిన తేనె తీసి, మాచర్ల అంగళ్ళలో ఇచ్చి జొన్నలు తెచ్చుకునేవాళ్ళం.

తాడు మీద చరియ కిందికి తేనెకు దిగినవాడికి, ఆ తాడును పైన బావమరిదే పట్టాలి. చెల్లెలి పసుపు కుంకుమలు చేతిలో ఉన్నవాడు తాడు వదలడు. సొంత తమ్ముడి చేతికి మాత్రం ఇవ్వకూడదు. అది మా కట్టుబాటు.

యుద్ధం రోజులు. ఆ ఏడు కార్తీకంలో కూడా ఏరు తగ్గలేదు. ఏటి అవతల నైజాం గట్టుకు పోయిన మా అన్న అక్కడే చిక్కుకుపోయాడు. ఆ వడిలో పుట్టి పడవ వేసేవాడు లేడు. ఇంట్లో గింజ లేదు. నాకు పాలు ఎండిపోయాయి. చంటిపిల్ల ఏడవడం కూడా మానేసింది.

అన్న వచ్చేదాకా ఆగమని మా ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

"మీ అన్న ఏరు దాటొచ్చేదాకా పిల్లకి గాలి తాపుతావా ఏమే?" అన్నాడు.

తమ్ముణ్ణి తీసుకుని బయలుదేరాడు. పిల్లను అత్త ఒళ్ళో పెట్టి నేనూ వెంట నడిచాను.

మిట్టమధ్యాహ్నం. పైన అంతా బోడి బండ, తాడు కట్టడానికి చెట్టు లేదు. మరిది తాడును నడుముకు ఒక చుట్టు తిప్పుకుని కూర్చున్నాడు. మా ఆయన దిగి పొగ పెట్టాడు. అవతలి గట్టున మా అన్న ఇది చూసి, వద్దని చేతులూపుతూ కేకలు పెడుతున్నాడు. ఇంతలో తేనెటీగలు లేచి మరిదిని కమ్ముకున్నాయి. వాడు తాడు విదిలించుకుని పరుగెత్తాడు.

నేను మీదపడి పట్టుకున్నాను. అరచేతుల తోలు ఊడింది. బండ మీద జారుతూ అంచుకు పోతున్నాను. ఇంకో మూర జారితే ఇద్దరం ఏట్లోకే.

అప్పుడు నా వెనక తాడు బిగిసింది. జారడం ఆగిపోయింది. చెవి పక్కనే మా అన్న గొంతు.

"కాళ్ళు తన్నిపెట్టవే చెల్లే. నేనుండాగా."

మా ఆయన పాకుతూ పైకొచ్చాడు. నన్ను చూడలేదు, నా వెనక్కి చూశాడు.

"మీ అన్న ఏడే? ఇప్పుడేగా నీ ఎనక ఉండాడు."

తిరిగి చూశాను. తాడు కొస బండ మీద ఊరికే పడి ఉంది. మా అన్న అవతలి గట్టునే తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

నాలుగోనాడు వడి తగ్గి అన్న ఏరు దాటి వచ్చాక, తాడు పట్టింది నువ్వేనా అని అడిగాను.

"ఆడ నువ్వొక్కదానివే ఉండావు. చూడలేక కళ్ళు మూసుకున్నా" అన్నాడు. ఇప్పటికీ అదే మాట.

ఆ తేనెతో వచ్చిన జొన్నలు పిల్లను బతికించాయి. మా ఆయన మాత్రం ఆ సంక్రాంతి దాటకుండానే చలిజ్వరంతో పోయాడు. ఊపిరి ఎగబీలుస్తుంటే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, నేను వెనక్కి తిరిగి చూశాను. చానాసేపు చూశాను. ఎవరూ రాలేదు. ఆనాడు వచ్చిందెవరో, ఈనాడు ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.