విన్నది విన్నట్టు

మొన్న మా గచ్చిబౌలి అపార్ట్‌మెంటు గ్రూపులో కుర్రకారు కొండెక్కిన ఫోటోలు పెట్టారు. కింద ఏరు సముద్రంలో కలిసేచోటు కనబడగానే గుర్తుపట్టాను, అది మా ఊరి కొండే. ఎంత బావుందోనని అందరూ రాస్తుంటే నేను ఫోను బోర్లించి పెట్టేశాను.

తొంభైల చివర్లో, హైటెక్ సిటీ ఇంకా రాళ్ళగుట్టల మధ్య లేస్తున్న రోజుల్లో, నాకక్కడ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగం దొరికింది. మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది, అమెరికా డాక్టర్లు రోగుల సంగతులు గడగడా చెప్పుకుపోతుంటే హెడ్‌ఫోన్లు తగిలించుకుని టైపు చెయ్యడమే ఆ పని. బి.కాం. చదివిన దాన్ని, ఆ రోగాల గొడవ నాకేం తెలుస్తుంది? బిక్కమొహం వేసుక్కూర్చుంటే ఇక్కడివాడే అయిన మా సూపర్‌వైజరు ధైర్యం చెప్పాడు.

"అర్థం గాకుంటె ఫికర్ లేదమ్మా. ఇన్నది ఇన్నట్టు కొట్టు, గంతే."

అలాగే కొట్టాను. ఏడాది తిరిగేసరికి చెవిలో పడ్డ మాట బుర్రను తాకకుండానే వేళ్ళలోంచి దిగిపోయేది, పైగా దానికి మెచ్చుకోళ్ళు కూడానూ.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఇక్కడే గోపన్‌పల్లిలో టీచరుగా చేసేది. ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి ఇద్దరం కోస్తాలోని మా ఊరు వెళ్ళాం. మా చర్చివాళ్ళు ఆ రోజు ఉపవాసముండి, అడవిలోంచి నిట్టనిలువుగా పోయే దారిలో యేసు సిలువయాత్రకి గుర్తుగా పాతిన పద్నాలుగు సిలువల దగ్గరా ఆగి ప్రార్థన చేసుకుంటూ కొండెక్కుతారు. సగం దారిలో అక్కకి ఆయాసం పట్టుకుంది. దవడ లాగుతోందంది, ఎడమచెయ్యి తిమ్మిరెక్కిందంది, చీర తడిసేలా చెమటలు. పుచ్చుపన్నేమోనని లవంగం ఇచ్చాను, చెయ్యి సంచీ మోసినందుకన్నాను, చెమట ఉపవాసానికన్నాను. అన్నిటికీ నా దగ్గర జవాబుంది, నా మొహం!

"కాసేపు కూర్చుంటానే, నువ్వు పద," అంది.

"ఇంకొక్క మలుపేనక్కా, ఏరూ సముద్రమూ కనబడతాయి," అని చెయ్యి పట్టి లాగాను.

కనబడ్డాయి. అక్క చూసిందో లేదో తెలియదు. రాతిమీద కూర్చుని నా భుజమ్మీద తల వాల్చింది. కిందికి మోసుకొచ్చేసరికే ప్రాణం లేదు. గుండెపోటన్నారు.

దినాలయ్యాక తిరిగి పనిలోకి వెళ్ళిన మొదటివారంలోనే ఒక ఫైలు వచ్చింది. ఎవరో ఆవిడకి మెట్లెక్కుతుంటే ఆయాసం, దవడ నొప్పి, ఎడమచేతికి తిమ్మిరి, చెమటలు. గుండెపోటు. అంతకుముందు అదే వరస ఎన్నిసార్లు కొట్టానో అప్పుడు తెలిసొచ్చి, బాత్రూములోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

ఇప్పుడా పని మిషన్లే చేసుకుంటున్నాయట, ఆ ఆఫీసు ఉన్నచోట అద్దాల మేడ లేచింది, కొండకి మెట్లూ కమ్మీలూ వేశారు. పిల్లలైతే చేతిగడియారం చూసుకుని గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్పేస్తారు. కాలం గడిస్తే దుఃఖం తగ్గుతుందంటారు, నాకైతే ఇసుమంత తగ్గలేదు. ఊరూ పేరూ తెలియని ఆడవాళ్ళ నొప్పులన్నీ పొల్లుపోకుండా రాసిపెట్టాను. మా అక్క ఒక్కర్తే నాకు నోరు తెరిచి చెప్పుకుంది, ఆవిణ్ణి పైకి లాక్కెళ్ళాను.